యాది చేసుడు ఫోనుకు అప్పజెప్పుండ్రి, ముచ్చట మాత్రం మీరే పెట్టుండ్రి

పక్షవాతం వచ్చిన మనిషి దవాఖానల ఉండేది వారమో, పది దినాలో. మిగిలిందంత ఇంట్లనే. ఇంటికి పంపేనాడు డాక్టరు మూడు ముక్కలు చెప్తడు: గోలీలు బంద్ పెట్టొద్దు, కసరత్తు ఆపొద్దు, చెప్పిన తారీఖుకు తీస్కొచ్చి చూపియ్యాలె. చెప్పనీకి నిమిషం పట్టదు. చేసుడే ఏండ్లకేండ్ల పని.

మన ఊర్లల్ల ఆ పని ఎవ్వలు చెయ్యాలె? కొడుకు పట్నంల కొలువు చేస్తుంటడు, లేకుంటే దుబాయ్‌ల ఉంటడు. కోడలు పొద్దుగాల లేసి కైకిలికి పోతది. ఇంటికాడ మిగిలేది ముసలవ్వ. ఆమెకే మోకాళ్ల నొప్పులు, కండ్లు సక్కగ కనవడయి. ఏది పొద్దుటి గోలి, ఏది మాపటి గోలి అన్నది రంగు చూసి గుర్తుపడ్తది. మెడికల్ షాపోడు వేరే కంపెనీ డబ్బ ఇచ్చి రంగు మారిందంటే ఇగ అంత ఆగమే.

అయితే అదే ఇంట్ల ఇంకోటి గూడ ఉంటది. ఫోను. మనం రీల్స్ చూసే ఫోనే. అండ్ల మాటకు మాట చెప్పే అసిస్టెంట్ ఉంటది. "ఓకే గూగుల్" అంటే పలుకుతది. కొత్త ఫోన్లల్ల దాని జాగల జెమిని వస్తున్నది. ఈ జెమిని యాప్ 2024 జూన్‌ల మన దేశంల తెలుగుతోని కలిపి తొమ్మిది భారతీయ భాషలల్ల మొదలైంది. వీటినే వర్చువల్ అసిస్టెంట్లు అంటున్నరు. అంటే నోటితోని చెప్తే పని చేసిపెట్టే సాఫ్ట్‌వేర్ అన్నట్టు.

క్రికెట్ స్కోరు అడగనీకి, పాట పెట్టమననీకి వాడుకుంటున్న ఈ వస్తువు లకువ కొట్టిన తాతకు ఏమన్న అక్కరకొస్తదా? వస్తది. గని ఎంతమట్టుకు వస్తది, యాడ ఆగిపోతది అన్నది తెల్వకుండ వాడితే మేలు కంటె కీడే ఎక్కువ. ఆ లెక్క తెలుసుకునుడు మన అసొంటి పోరగాళ్ల పని. ఎందుకంటే ఇంట్ల ఫోన్ తిప్పుడు వచ్చింది మనకే.

మెదడుల కొత్త తొవ్వ

పక్షవాతం కాలు చేతుల జబ్బు కాదు, మెదడు జబ్బు. మెదడుకు నెత్తురు మోసే నాళంల గడ్డ అడ్డం పడ్తది, లేకుంటే నాళమే పలిగి లోపట నెత్తురు కారుతది. గడ్డ అడ్డం పడేదే ఎక్కువ. నెత్తురు అందని జాగల కణాలు చచ్చిపోతయి. ఎడమ దిక్కు మెదడు దెబ్బతింటే కుడి చెయ్యి, కుడి కాలు పడిపోతయి. చానమందికి మాటను నడిపే జాగ గూడ ఎడమ దిక్కే ఉంటది కాబట్టి మాట సుత పోతది. ఇది గాలి సోకుడు కాదు, ఎవ్వలో చేసింది కాదు. పావురం నెత్తురు రుద్దితే చెయ్యి లేవదు.

మరి చచ్చిన కణాలు తిరిగి రాకపోతే మనుషులు ఎట్ల కోలుకుంటున్నరు? చుట్టుపక్కల బతికి ఉన్న కణాలు ఆ పని నేర్సుకుంటయి. బాయికాడికి పోయే తొవ్వ వానకు కొట్టుకపోతే చెల్కలకెళ్లి కొత్త తొవ్వ పడ్తది గదా, గట్లనే. ఆ తొవ్వ ఒక్కనాడు నడిస్తే పడదు. దినాం నడవాలె, వచ్చేటప్పుడు పోయేటప్పుడు నడవాలె. మెదడుల గూడ అంతే. ఒక్కటే పనిని వందల మాట్లు చేస్తేనే కొత్త తొవ్వ తేలుతది. మొదటి మూడు నెలలల్ల ఈ నేర్సుకునుడు జోరు మీద ఉంటది. తర్వాత నెమ్మదిస్తది, గని ఆగిపోదు. "ఆరు నెలలు దాటింది, ఇగ రాదు" అని వదిలిపెట్టుడు తప్పు.

మనకు తక్కువ పడేది ఈ లెక్క కాడనే. 2009ల అచ్చయిన ఒక పరిశీలన ఉన్నది. అమెరికా, కెనడా కేంద్రాలల్ల పక్షవాతం పేషెంట్లకు ఒక్కో ఫిజియోథెరపీ సెషన్‌ల ఎన్నిమాట్లు చెయ్యి ఆడిపిస్తున్నరని కూసొని లెక్కపెట్టిన్రు. పడిపోయిన చేతితోని నిజంగ పనికొచ్చే కదలికలు సగటున 32 మాట్లే తేలినయి. జంతువుల మీద చేసిన ప్రయోగాలల్ల మెదడు మారనీకి దినాం వందల మాట్లు చేపిచ్చిన్రు. అంత సౌలతు ఉన్న దేశాలల్లనే గిట్లుంటే, బస్సు కిరాయి పెట్టుకొని, ఇంకో మనిషి కూలి పోగొట్టుకొని నెలకొక్కపారి జిల్లా దవాఖానకు పోయే మన తాత సంగతేంది? మిగిలిన లెక్క నిండాల్సింది ఇంట్లనే. అండ్లనే ఫోను పని పడ్తది.

ఫోను చెయ్యగలిగే పనులు

మొదటిది గోలీలు. పక్షవాతం తెచ్చే కారణాలల్ల అన్నిటికంటె పెద్దది బీపీ. రెండోపారి వచ్చేటందుకు గూడ అదే దారి తీస్తది. గని బీపీ పెరిగితే చానమందికి నొప్పి లేవదు, జరం రాదు. "మంచిగనే ఉన్న గదా" అనుకొని పది దినాలకు గోలి బంద్ పెడ్తరు. నెత్తురు గడ్డకట్టకుండ ఇచ్చిన గోలి గూడ గట్లనే పక్కకు పోతది. అందుకే ఫోనుకు "ప్రతిరోజు ఉదయం ఎనిమిది గంటలకు అలారం పెట్టు" అని చెప్పుండ్రి. చెప్పినంక క్లాక్ యాప్ తెరిచి ఎనిమిదే పడ్డదా, దినాం మోగేటట్టు పడ్డదా అని మీ కండ్లతోని చూసుకోండ్రి. ఒక్కోసారి సరే అని చెప్పి వేరే టైం పెడ్తది.

ఇంకో కిటుకు. అలారం ట్యూన్ జాగల మీ గొంతు పెట్టుండ్రి. వాయిస్ రికార్డర్‌ల "తాతా, అన్నం తిన్నవా? ఎర్ర డబ్బల ఉన్న బీపీ గోలి ఏసుకో" అని రికార్డు చేసి, ఆ ఫైలునే అలారం మోతగ పెట్టుకోవచ్చు. చాన ఆండ్రాయిడ్ ఫోన్లల్ల ఈ సౌలతు ఉంటది. దుబాయ్‌ల ఉన్న కొడుకు వాట్సాప్‌ల పంపిన మాటను గూడ గిట్లనే పెట్టొచ్చు. తెల్వని ఆడమనిషి గొంతు "ఔషధం తీసుకునే సమయం అయినది" అంటే తాత పట్టించుకుంటడో లేదో. మనుమడు పిలిస్తే మాత్రం మర్లి చూస్తడు.

రెండోది కసరత్తు. ఏది చేపియ్యాలె అన్నది ఫోన్ చెప్పొద్దు, ఫిజియోథెరపిస్టు చెప్పాలె. దవాఖానకు పోయినప్పుడు ఆయన చూపిచ్చింది అడిగి వీడియో తీసుకోండ్రి. యూట్యూబ్‌ల ఎవ్వలికో చెప్పిన కసరత్తు మన తాతకు పడకపోవచ్చు. పడిపోయిన చేతి భుజం కీలు వదులైతది. దాన్ని పట్టుకొని గుంజినా, చంకల చెయ్యేసి లేపినా కీలు జారుతది, నొప్పి ఏండ్లకొద్ది పోదు. ఫోన్ పని అంత టైం పట్టుడే. "పదిహేను నిమిషాల టైమర్ పెట్టు" అంటే పెడ్తది. పొద్దుగాల ఒకపారి, మధ్యాహ్నం ఒకపారి, మాపటికి ఒకపారి మోగుతది. లెక్కపెట్టనీకి మనింట్లనే వస్తువులున్నయి. ఏళ్లు కదులుడు షురువైనోళ్లకు ఒక గిన్నెల వంద చింతగింజలు పోసి, ఆ చేతితోనే ఒక్కొక్కటి తీసి ఇంకో గిన్నెల ఏపియ్యొచ్చా అని ఫిజియోథెరపిస్టును అడగండ్రి. ఆయన సరే అంటే గిన్నె నిండుడే లెక్క. కసరత్తు అదే, లెక్క అదే.

మూడోది పిలుపు. చెయ్యి ఆడని మనిషికి ఫోన్ లాక్ తీసుడు, నంబరు వెతుకుడు చాన కష్టం. "ఓకే గూగుల్, చిన్నోడికి కాల్ చెయ్యి" అంటే పోయేటట్టు పెట్టుండ్రి. పేరు పొట్టిగ, పలకనీకి అల్కగ సేవ్ చెయ్యుండ్రి. పక్షవాతం తర్వాత గొంతు మారుతది కాబట్టి పాత గొంతుతోని నేర్పిన వాయిస్ మ్యాచ్ గుర్తుపట్టకపోవచ్చు. సెట్టింగులల్ల దాన్ని కొత్తగ నేర్పియ్యాలె. ఫోన్‌ను మంచి చేతి దిక్కు, అందేటంత దూరంల, చార్జింగుకు పెట్టి ఉంచాలె. దాని మీదనే ఆధారపడొద్దు. మంచం పక్కన ఒక గంట గూడ పెట్టుండ్రి. గంటకు నెట్ అక్కర్లేదు.

నాలుగోది పైకి కనవడదు, గని ఇంట్ల నెమ్మది ఉండాల్నంటే ఇదే పెద్దది. "గోలి ఏసుకున్నవా? చెయ్యి ఆడిచ్చినవా?" అని అవ్వ దినానికి పదిమాట్లు అడుగుతది. "నువ్వొక డాక్టరువా" అని తాత కసురుకుంటడు. ఇద్దరికి కొట్లాట. నిన్నమొన్నటిదాంక ఇంటిని నడిపిన మనిషికి చిన్నపిల్లగానికి చెప్పినట్టు చెప్పిచ్చుకునుడు నామోషీ అనిపిస్తది. ఆ గుర్తుచేసే పని ఫోన్‌కు పోయిందంటే అవ్వ మల్ల అవ్వ అయితది, పోలీసు కాదు. పక్కన కూసొని వేరే ముచ్చట పెట్టొచ్చు.

మన మాట దానికి సమజ్ కాదు

ఇప్పుడు అసలు తిప్పల. ఈ అసిస్టెంట్లు నేర్సుకున్నది ఎక్కువగ పుస్తకాల తెలుగు, టీవీల తెలుగు. "మబ్బుల లేపు" అంటే తెల్లారకముందు లేపుమని మనకు ఎర్క. అది ఆకాశంల మబ్బుల కాడికి పోవచ్చు. "మాపటికి యాది చెయ్యి" అంటే తెల్లమొఖం ఏస్తది. మంచిగ మాట్లాడేటోళ్లకే గిట్లుంటే, నాలుక మొద్దుబారినోళ్ల గతి ఏంది?

పక్షవాతంల మాట రెండు తీర్ల దెబ్బతింటది. ఒకటి, మాటలు తెలుస్తయి గని నోటి కండరాలు ఆడక ముద్దముద్దగ వస్తయి. రెండోది, మాటనే దొరకదు. నీళ్లు అడగబోయి కుర్చీ అంటడు. ఎదుటోళ్లు చెప్పింది సుత కొందరికి సక్కగ సమజ్ కాదు. దీన్ని అఫేజియా అంటరు. తెలివి తక్కువైందని కాదు, తెలివికి మాటకు నడుమ తీగ తెగిందని. దెబ్బతిన్న మాటను పట్టుకునేటట్టు యంత్రానికి నేర్పాలని గూగుల్ 2019ల ప్రాజెక్ట్ యుఫోనియా అని ఒక పని బయటపెట్టింది. దాంట్లకెళ్లి వచ్చిన రిలేట్ అనే యాప్ గూడ ముందుగాల ఇంగ్లిషోళ్ల కోసమే వచ్చింది. కరీంనగర్ పల్లెల ముద్దమాటను ఫోన్ పట్టుకుంటదని ఆశ పెట్టుకోవద్దు.

ఎందుకింత చెప్తున్ననంటే, మాట పోయిన మనిషికి ఫోన్ ఇచ్చి "మాట్లాడు, అదే నేర్పుతది" అంటున్నరు కొందరు. అయిదుమాట్లు "క్షమించండి, అర్థం కాలేదు" అని ఇంటే ఆరోపారి ఆ మనిషి నోరు తెరవడు. యంత్రం తప్పును తన తప్పు అనుకుంటడు. గిట్ల చెయ్యొద్దు. ఫోనుకు చెప్పేది మీరు కావాలె, ఇనేది తాత కావాలె. మాట నేర్పుడు స్పీచ్ థెరపిస్టు పని, ఆయన తర్వాత ఇంటోళ్ల పని. ఒక్కమాట అడిగి నిమ్మలంగ ఆగుండ్రి. అవును, కాదు అని తల ఊపేటట్టు అడగండ్రి. బొమ్మ చూపియ్యండ్రి. ఆయన మాటను మీరు పూర్తి చెయ్యకుండ్రి.

పరీక్షలు ఏం చెప్పినయి

ఫోన్ పెట్టంగనే తాత లేసి నడుస్తడని ఎవ్వలన్న చెప్తే నమ్మకుండ్రి. మన దేశంలనే రెండు పెద్ద పరీక్షలు జరిగినయి. ఒకటి అటెండ్. 14 దవాఖానలల్ల 1,250 మంది పక్షవాతం పేషెంట్లను తీసుకున్నరు. సగం మంది ఇంటోళ్లకు కసరత్తులు నేర్పి పంపిన్రు, సగం మందికి ఎప్పటి వైద్యమే. ఆరు నెలలకు చూస్తే రెండు దిక్కుల ఫలితం ఒక్కటే. 2017ల లాన్సెట్ పత్రికల ఇది అచ్చయింది.

రెండోది స్ప్రింట్ ఇండియా. 31 కేంద్రాలల్ల నాలుగు వేల మందికి పైన పేషెంట్లు. సగం మందికి భారతీయ భాషలల్ల ఎస్సెమ్మెస్‌లు, చిన్న వీడియోలు, ఒక పుస్తకం ఇచ్చిన్రు. గోలీలు ఏసుకునుడు, బీడీ, మందు మానుడు వాళ్లల్ల జర మెరుగైంది. గని ఏడాది లోపట మల్ల పక్షవాతం, గుండెపోటు వచ్చుడుల తేడా కనవడలే. 2023ల ఈ ఫలితాలు బయటికొచ్చినయి.

నాకు సమజ్ అయింది ఇది: యాది చేస్తే అలవాటు మారుతది, గని యాది చేసుడు వైద్యం కాదు. ఇంటోళ్లకు ఒకపారి నేర్పి పంపుడు సుత ఫిజియోథెరపిస్టుకు బదులు కాదు. "ఫోన్ ఉన్నది గదా, మండలంల ఫిజియోథెరపిస్టు ఎందుకు" అని రేపు ఏ సర్కారన్న అంటే ఒప్పుకోవద్దు. ఫోన్ మనిషికి తోడు ఉండాలె, మనిషి జాగల కాదు.

ఫోనును అడగొద్దనివి

మూతి ఒక దిక్కు వంకరపోయింది, చెయ్యి లేస్తలేదు, మాట తడబడుతున్నది. ఈ మూడిట్ల ఏ ఒక్కటి ఒక్కపారిగ వచ్చినా అసిస్టెంట్‌ను "ఏం చెయ్యాలె" అని అడగకుండ్రి. 108కి కాల్ కొట్టుండ్రి. గడ్డ అడ్డం పడ్డప్పుడు నిమిషానికి దాదాపు 19 లక్షల మెదడు కణాలు చచ్చిపోతయి. గడ్డ కరిగిచ్చే సూది పక్షవాతం మొదలైన నాలుగున్నర గంటల లోపట పడాలె, అది గూడ సీటీ స్కాన్ చూసినంకనే. అందుకే స్కాన్ ఉన్న దవాఖానకే పోవాలె. ఆఖరుకు ఎన్నిగంటలకు మనిషి మంచిగున్నడో ఆ టైం యాది పెట్టుకోండ్రి, డాక్టరు మొదలు అడిగేది అదే. గడ్డనా, నెత్తురు కారుడా అన్నది స్కాన్ లేకుండ ఎవ్వలికి తెల్వది. కారుతుంటే ఇంటికాడ మింగిపిచ్చిన ఆస్పిరిన్ ప్రాణం మీదికి తెస్తది. నీళ్లు గూడ తాపియ్యొద్దు, గొంతు పడిపోయి ఉంటే ఊపిరితిత్తులల్లకు పోతయి. పది నిమిషాలల్ల అంత మంచిగైనా దవాఖానకు పోవాల్సిందే. అది పెద్దదానికి ముందొచ్చే కబురు కావచ్చు.

గోలి డోసు పెంచాల్నా, తగ్గియ్యాల్నా అని గూడ ఫోనును అడగొద్దు. అది తెల్వది అనకుండ, తెలిసినట్టే ధీమాగ తప్పు చెప్పగలదు. పీహెచ్‌సీ డాక్టరును అడగండ్రి, లేకుంటే సర్కారు ఈ-సంజీవని ద్వారా డాక్టరుతోని మాట్లాడుండ్రి. రిపోర్టుల ఫోటోలు, ఆధార్ నంబరు ఏ యాప్ పడితే ఆ యాప్‌ల ఎక్కియ్యకుండ్రి.

దిగులు

పక్షవాతం వచ్చినోళ్లల్ల దాదాపు ముగ్గుర్ల ఒకరికి డిప్రెషన్ వస్తది. తినడు, కసరత్తు వద్దంటడు, గోడ దిక్కు మర్లి పంటడు. మనం మొండితనం అనుకుంటం. అది గూడ జబ్బే, మందున్న జబ్బు. టెలి-మానస్ అని 14416 నంబరు ఉన్నది, పైసలు పడవు, తెలుగుల మాట్లాడుతరు. ఫోన్‌ల పాత పాటలు పెట్టొచ్చు, బతుకమ్మ పాటలు పెట్టొచ్చు. గని పొద్దంత యంత్రం గొంతే ఇనుకుంట పడుకున్న మనిషికి, ఇంట్ల నలుగురున్నా ఒంటరితనమే.

ఇగ ఈ ఆదివారం అరగంట తియ్యుండ్రి. గోలీల చీటీ చూసి అలారాలు పెట్టుండ్రి, మీ గొంతు రికార్డు చెయ్యుండ్రి. పొట్టి పేరు మీద నంబర్లు సేవ్ చెయ్యుండ్రి. 108, 14416 గోడ మీద పెద్దగ రాయుండ్రి. ఫిజియోథెరపిస్టు చూపిచ్చిన వీడియో ఫోన్ల ముందుగాల కనవడేటట్టు పెట్టుండ్రి. వారానికొకపారి అలారాలు మోగుతున్నయా, గోలీలు తరుగుతున్నయా చూడుండ్రి. ఆ తర్వాత ఫోన్ పక్కకు పెట్టి తాత పక్కన కూసోండ్రి. ఆయన ఒక్క మాట చెప్పనీకి రెండు నిమిషాలు పడ్తది. ఆ రెండు నిమిషాలు ఆగుడు ఏ యంత్రానికి రాదు, మనకే వస్తది.